గొట్టం ముక్క మీద కూర్చున్న మరదలు

తమ్ముడు పోయాక ఆమె ఏడ్చింది తక్కువ, పళ్లు నూరింది ఎక్కువ.

విద్యుత్ కేంద్రంలో జనరేటర్‌ను చల్లబరిచేది హైడ్రోజన్. మరమ్మతుకు దాన్ని బయటికి వదిలాక, కార్బన్ డయాక్సైడ్‌తో లోపలంతా కడిగి, ఆ తర్వాతే గాలి ఎక్కించాలి. ఆ రోజు కడగలేదు. మిగిలిన హైడ్రోజన్ గాలితో కలిసి పేలి, అక్కడ పనిచేస్తున్న ఆమె తమ్ముడు కాలిపోయాడు. తొందరపెట్టింది షిఫ్టు ఇన్‌ఛార్జి, అంటే ఆమె భర్తకు స్వయానా అన్న. విచారణలో మాత్రం "వాడే తప్పు వాల్వు తిప్పాడు" అని చేతులు దులుపుకున్నాడు. ఇంట్లో అందరూ కలిసి ఆమె నోరు నొక్కేశారు. అదే కేంద్రంలో పనిచేసే ఆమె, ఈ వాయువులు ఎక్కించే గ్యాస్ విభాగానికి బదిలీ అడిగి తీసుకుంది.

మళ్లీ మరమ్మతు వచ్చింది. సాయంత్రానికి జనరేటర్ మూత విప్పితే బావగారికి మేనేజరు కుర్చీ ఖాయం. ఆమె పొద్దుటినుంచీ కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తూ, పైనొకసారి కిందొకసారి లోపలి వాయువు నమూనా తీసి మీటరు చూస్తోంది. గాలి లైనుకు బిగించాల్సిన, అది లేనిదే గాలి ఎక్కని గొట్టం ముక్కను నేలమీద పెట్టుకుని దానిమీదే కూర్చుంది.

"లే అమ్మాయ్, ఇక చాల్లే. ఆ ముక్క ఇటివ్వు."

"ఇంకా హైడ్రోజన్ చూపిస్తోంది బావగారూ."

ఆయన ముఖం కందగడ్డయింది. ఆమె కడుపు చల్లబడింది. ఒక్క నిమిషం వృథా చెయ్యలేదు, అలాగని కడగాల్సిన సమయంలో ఒక్క నిమిషం తగ్గించనూ లేదు.

ఆలస్యమెందుకని చీఫ్ ఇంజినీరు వచ్చి నిలబడ్డాడు. ఫిట్టర్లు మూగారు. బావగారు పట్టు తప్పారు.

"కావాలనే సతాయిస్తోంది సార్! ఇదివరకు ఎన్నిసార్లు ఈ కడగడాలేం లేకుండానే గాలి ఎక్కించమన్నాను, ఏమైంది? ఏదో ఆ ఒక్కసారి ఖర్మ కాలి..."

బావగారు నాలుక్కరుచుకున్నారు.

ఆమె లేచి ఆయన ఎదురుగా నిలబడింది. "ఆ ఒక్కసారి తప్పెవరిది బావగారూ? తిప్పినవాడిదా, తిప్పమన్నవాడిదా? మావాడు లేడుగా, మీరే చెప్పండి."

"మీరు నా గదికి రండి," అన్నాడు చీఫ్ ఇంజినీరు బావగారితో.

విచారణ తిరగదోడారు. తమ్ముడిమీది నింద తుడిచేశారు. బావగారి ఉద్యోగం ఊడింది.

"నా కొడుకు కొంప కూల్చావే!" అంది అత్తగారు.

"మావాణ్ణి కాల్చినప్పుడు నన్ను నోరు మూసుకోమన్నారు అత్తయ్యా. ఇప్పుడు మీవంతు."

భర్త ముఖం తిప్పుకున్నాడు. ఆమె కంచం పెట్టుకుని, తమ్ముడు పోయాక మొదటిసారి కడుపునిండా తింది.