బొటనవేలంత చోటు

ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషికి సొంత బండి మొరాయిస్తే ఎంత నామోషీయో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. వీధిలో అందరూ బస్సక్క అని పిలిచే ఆమెకు ఆ మధ్యాహ్నం సరిగ్గా ఆ గతే పట్టింది. తాళం తిప్పితే లోపలెక్కడో టక్కుమంది. మళ్ళీ తిప్పితే మళ్ళీ టక్కుమంది. అంతే, అంతకు మించి బండి కిక్కురుమనలేదు.

అది ఆమె రిటైరయ్యాక కొనుక్కున్న పాత క్యాంపర్ వ్యాను. వెనక ఒక మంచం, చిన్న పొయ్యి, కిటికీలకు తెరలు. ఆ మంచం కోసమే ఇవాళ్టి హడావుడంతా. చెల్లెలు తుంటి ఎముక విరిగి నలభై రోజులుగా ఆసుపత్రిలో ఉంది. ఇవాళ ఇంటికి పంపిస్తామన్నారు గానీ కూర్చోబెట్టకూడదు, పడుకోబెట్టే తీసుకెళ్ళాలి, అదీ ఐదు గంటల్లోపు రావాలి అన్నారు. అది దాటితే మళ్ళీ మూడు రోజుల తర్వాతే, అంబులెన్సు కూడా అప్పటిదాకా ఖాళీ లేదు. పొద్దున ఫోనులో చెల్లెలు చిన్నపిల్లలా, ఈ రాత్రి నా దిండు మీద పడుకుంటానక్కా అని మురిసిపోయింది. ఇప్పుడు మూడు దాటింది.

పక్కనే మరిది, ఆ చెల్లెలి మొగుడు, నిలబడి ఉన్నాడు. ఇళ్ళకు రంగులు వేసే మేస్త్రీ. పనిలో ఆయనకొక మొండిపట్టు ఉంది, బొటనవేలంత చోటు కూడా రంగు పడకుండా వదలడు. తలుపు పై అంచు ఎవరు చూస్తారయ్యా అంటే, బల్లి చూస్తుందండీ అంటాడు. అలాంటి మనిషి నలభై రోజుల కిందట నిచ్చెన మీదినుంచి జారాడు. కింద నిచ్చెన పట్టుకున్న పెళ్ళాం మీద పడ్డాడు. ఆయనకు చిన్న గీత కూడా పడలేదు, ఆమె తుంటి విరిగింది. అప్పటినుంచి ఎవరూ గుమ్మడికాయల దొంగ అనకుండానే భుజాలు తడుముకుంటున్నాడు పాపం.

"నా చెయ్యి పడితే ఏదైనా ఇంతే వదినా," అన్నాడు నేల చూపులు చూస్తూ.

బస్సక్కకు ఒళ్ళు మండింది, ఆయన మీద కాదు, ఆ మాట మీద. కిందికి దిగి బానెట్ ఎత్తింది. బ్యాటరీ మొన్ననే మార్చింది. టర్మినళ్ళు బిగుతుగానే ఉన్నాయి. హెడ్‌లైట్లు వేస్తే గుడ్డి దీపాల్లా వెలిగాయి, ఇండికేటర్ వేస్తే వాటితోపాటు డాష్‌బోర్డు లైట్లు కూడా కొట్టుకున్నాయి. ఒకటి వేస్తే ఇంకోటి కదలడమేమిటో!

ఎదురింటి పళ్ళ డాక్టరు కారు తెచ్చి పక్కన పెట్టాడు, వైర్లు కూడా తెచ్చాడు. ఆయన కారు బ్యాటరీని వీళ్ళ బ్యాటరీకి కలిపారు. తాళం తిప్పితే అదే టక్కు. బ్యాటరీ పీకేసి కొత్తది పెట్టండి అన్నాడు డాక్టరు. పళ్ళ డాక్టరు కదా, ఏది కదిలినా, కదలకపోయినా పీకేయమనే అంటాడు.

అప్పుడామె ఒక పని చేసింది. డిపోలో ముసలి మెకానిక్ నేర్పిన పద్ధతి అది. నెగటివ్ వైరు కొసను తమ బ్యాటరీ మీదినుంచి తీసి నేరుగా ఇంజను ఇనుముకు తగిలించింది. తాళం తిప్పింది. ఇంజను గుర్రుమని లేచింది. డాక్టరు చప్పట్లు కొట్టాడు గానీ ఆమెకు విషయం అర్థమైపోయింది. బ్యాటరీ మంచిదే, స్టార్టరు మంచిదే. బ్యాటరీనుంచి బండి ఒంటికి ఎర్త్ అందడం లేదు. ఇలాగే వెళ్తే ఆసుపత్రి గుమ్మంలో ఆపాక మళ్ళీ లేవదు.

ఇంజను ఆపి, గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరింది. టార్చి వేసి చూసింది. అడుగంతా ఆకాశనీలం. తుప్పన్నది లేదు. రోజూ ఆసుపత్రినుంచి వచ్చి, రాత్రి పడకకు మళ్ళీ అక్కడికే వెళ్ళేలోపు మరిది సాయంత్రాలు ఇక్కడే గడిపాడని ఆమెకు తెలుసు, ఇంత చేశాడని తెలియదు. రెండు పూతలు, అద్దంలా ఉంది. బ్యాటరీని బండి ఇనుముకు కలిపే ఎర్త్ పట్టీని కూడా విప్పి, దాని కింద ఇనుముకు రంగు వేసి, ఆరాక మళ్ళీ బిగించి, పైన ఇంకో పూత వేశాడు. రంగులోంచి కరెంటు ఎలా పోతుంది? బొటనవేలంత చోటు వదిలి ఉంటే సరిపోయేది. వదిలితే ఆయన ఆయనెందుకు అవుతాడు!

ఈ మాట చెప్తే ఆ మనిషి ఇక బ్రష్షు పట్టడని ఆమెకు అనిపించింది. దిండ్లూ దుప్పట్లూ తెమ్మని ఆయన్ను ఇంట్లోకి పంపింది. డాక్టరు వైపు చూసి వేలు పెదవుల మీద పెట్టింది. పట్టీ విప్పి, కత్తితో, గరుకు కాగితంతో ఇనుము తళతళలాడేదాకా గీకి, మళ్ళీ బిగించింది. మరిది వచ్చేసరికి బండి ఒక్క తిప్పుకే లేచింది. ఏమైంది వదినా అంటే, ఏం లేదు, ఒక బోల్టు వదులైంది అని అబద్ధమాడేసింది.

ఐదింటికి పది నిమిషాల ముందు ఆసుపత్రి చేరారు. చెల్లెల్ని స్ట్రెచర్ మీదినుంచి మంచం మీదికి మార్చేసరికి వార్డుబాయితో సహా ముగ్గురికీ చెమటలు పట్టాయి. బస్సక్క స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుంది. పక్క సీట్లో మరిది ఆ చేతులకేసే చూస్తున్నాడు.

"వదినా, మీ గోళ్ళ నిండా నా రంగుంది."

ఆమె చేతులు దాచుకోబోయి మానేసింది.

"ఉంటే ఉండనీ నాయనా. నా బండి కోసం వేసిన రంగేగా. ఒక్కచోట కాస్త ఎక్కువైంది, గీకేశాను. నలభై రాత్రులు దాని మంచం పక్కన నేలమీద పడుకున్నావు. నువ్వు లేకపోతే నా చెల్లెలు ఇవాళ నాకు దక్కేది కాదు. నీ చెయ్యి మంచి చెయ్యి."

ఆయన తలుపు వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. వెనకనుంచి చెల్లెలు, మీ మర్యాదలు ఇంటికెళ్ళాక చేసుకోండి, అక్కడ నా దిండు ఎదురు చూస్తోంది అంది. తాళం తిప్పితే బండి లేచింది.

మర్నాడు పొద్దున బస్సక్క గుమ్మంలోకి వచ్చేసరికి బండి కిందినుంచి మరిది కాళ్ళు కనబడ్డాయి. మళ్ళీ రంగు వేస్తున్నాడేమో! ఆయన బయటికి వచ్చి, బట్టలు దులుపుకుని, పని ఉందంటూ నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నలభై రోజుల తర్వాత ఆయన నిచ్చెన ముట్టుకోవడం అదే మొదలు.

ఆమె టార్చి తీసుకుని కిందికి దూరింది. నిన్న తను కోతిలా గీకిన చోటు ఇప్పుడు చక్కగా, గుండ్రంగా, నున్నగా ఉంది. తుప్పు పట్టకుండా వేజలీను రాశాడు. చుట్టూ నీలం, మధ్యలో పట్టీ అంచు చుట్టూ బొటనవేలంత ఇనుము. రంగు లేదు. ఆ చెయ్యి కావాలని రంగు వేయకుండా వదిలిన చోటు లోకంలో అదొక్కటే.

బస్సక్క అక్కడే వెల్లకిలా పడుకుని, ఎవరూ చూడటం లేదు కదా అని, తనివితీరా ఏడ్చింది. ఇంట్లో చెల్లెలు తన దిండు మీద ఇంకా నిద్ర లేవలేదు.