మహెక్‌కు మొదటి బహుమతి

రోజారాణి టీచర్ కొడుకు అఖిలేశ్ పోయిన చెరకు సీజన్లో బిచ్కుంద నుంచి బండి మీద వస్తూ, చీకట్లో రోడ్డు మీద ఆపి ఉన్న చెరకు ట్రాలీని గుద్దుకుని చనిపోయాడు. ట్రాలీకి వెనక లైటు లేదు. ఉన్నా, బయటికి వేలాడే గడల కింద కనిపించేది కాదు. అతను తాగలేదని దవాఖానలో డాక్టరే చెప్పాడు. వాళ్ల ఊరు బాన్సువాడలో మాత్రం తాగి గుద్దిండన్న మాటే నిలిచింది.

ఈ ఏడు బడిలో వక్తృత్వ పోటీకి రోడ్డు భద్రత అంశం ఇచ్చారు. తల్లిదండ్రులనూ పిలిచారు. పిల్లలను తయారు చేసే ఓపిక తనకు లేదని రోజారాణి అంటే, న్యాయనిర్ణేత కుర్చీలో కూర్చోబెట్టారు.

బిట్టు జరిమానాలు, సెక్షన్లు అప్పజెప్పాడు. ఎవరూ వినలేదు. సాజిద్, హెల్మెట్ పెడితే జుట్టు పాడవుతుందనే తన బావను అనుకరించి హాలంతా నవ్వించాడు. తర్వాత మహెక్. గొంతు ఎక్కడ దించాలో, ఎక్కడ ఆగాలో రోజారాణే నిరుడు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పిన పిల్ల.

"మన ఊర్లనే ఒక అన్న ఉండె," అని మొదలుపెట్టింది. దోస్తులు తాగించారంది. ఇంట్లో అమ్మ అన్నం మీద మూత పెట్టి ఎదురుచూస్తోందంది. ఆగింది, సరిగ్గా ఆగవలసిన చోటే. ఆడవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకున్నారు. పేరు చెప్పలేదు. చెప్పనవసరం లేకపోయింది.

వెనక నుంచి, చెరకు ట్రాలీ తోలే ట్రాక్టర్ డ్రైవర్ సాయిలు లేచాడు. "ఇగ మందు తాగి స్టీరింగు ముట్ట. నా బిడ్డ మీద ఒట్టు!"

"పోయిన దసరకు గూడ గిదే ఒట్టు పెట్టినవ్," అంది భార్య గంగమణి.

"గప్పుడు గీ పిల్ల చెప్పలే కదనే!" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

మహెక్ దిగి వచ్చి రోజారాణి కుర్చీ పక్కన వంగింది. "కోపమొచ్చిందా మేడం? మన ఊరి ముచ్చట చెప్తే మనసుకు తాకుతదని మీరే అన్నరు కదా."

"తాగిండని నీకెవరు చెప్పిన్రు బిడ్డా?"

"అందరంటరు మేడం. తాగకుంటె గంత పెద్ద ట్రాలీ కనవడదా?"

ఆ కళ్లలో కపటం లేదు. అందరికంటే బాగా మాట్లాడింది మహెక్కే. తక్కువ మార్కులు వేయడానికి రోజారాణికి చేయి రాలేదు.

ఫలితం చెప్పడానికి మైకు దగ్గర నిలబడింది. నిజం చెబితే సాయిలు ఒట్టు ఏమవుతుంది? చెప్పకపోతే లైటు లేని ట్రాలీలు ఆ రోడ్డు మీద అలాగే ఆగుతాయి, అఖిలేశ్ తాగుబోతుగానే మిగిలిపోతాడు.

"మొదటి బహుమతి మహెక్‌కు," అంది. వెంటనే, "అఖిలేశ్ తాగలేదు. ట్రాలీకి లైటు లేదు. గడల చివరకు లైటు కట్టండి," అంది.

"తల్లి పాణం గద," అన్నారెవరో. హెడ్మాస్టర్ పండరి సార్ మెల్లగా ఆమె చేతిలోంచి మైకు తీసుకున్నాడు. "కూసోండ్రి మేడం. ఇగ చాలు." ఓదార్పుగా చప్పట్లు కొట్టారు.

సాయిలు దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు. "ఫికర్ చెయ్యకు మేడం. మీ పిలగాని పేరు మీద తాగుడు బంద్ చేసిన."

"ట్రాలీకి లైటు కట్టు సాయిలూ."

"గట్లనే మేడం, గట్లనే," అన్నాడతను, ఏడ్చే పిల్లను సముదాయిస్తున్నట్టు.