భద్రతా మండలిలో ఖాళీ కుర్చీ

హనోకు లేచి నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు తీసి ఒకసారి దులిపాడు. మళ్లీ భుజాన వేసుకుని, ఎవరి వంకా చూడకుండా హాల్లోంచి బయటికి నడిచాడు. బల్ల మీద అతని కుర్చీ ఎదురుగా ఉన్న అట్టముక్క మీద 'సోవియట్ యూనియన్' అని రాసి ఉంది.

అది 1968 మే నెల. నిజామాబాదులోని ఓ కాలేజీలో యూనివర్సిటీవాళ్లు మూడు వారాల వేసవి బడి పెట్టారు. చదివేది అంతర్జాతీయ రాజకీయాలు. ఐక్యరాజ్య సమితి ఎలా నడుస్తుంది, యుద్ధాన్ని ఎవరు ఆపగలరు, ఎవరు ఆపనివ్వరు, ఇవీ పాఠాలు. చివరి రోజున పదిహేనుమంది పదిహేను దేశాల తరఫున కూర్చుని భద్రతా మండలి నడపాలి. తన దేశం పని నెగ్గించుకున్నవాడికి హైదరాబాదులో ఎం.ఏ. సీటు, హాస్టల్లో ఉచితంగా తిండీ పడకా. ఉన్నది ఒక్కటే సీటు. అది దక్కకపోతే హనోకుకి జూన్‌లో మళ్లీ మోస్రా ఊళ్లో పంతులుగా అదే బడి, పిల్లలకు అవే ఎక్కాలు.

చర్చకు వచ్చింది ప్రొఫెసర్ ఆత్మారాం కల్పించిన తగాదా. రెండు చిన్న దేశాలు ఒకే నది నీళ్ల కోసం కొట్టుకుంటున్నాయి. అక్కడికి సమితి సైన్యాన్ని పంపాలని అమెరికా తరఫున బాపురావు తీర్మానం పెట్టాడు. బాపురావు నిజామాబాదులో ఓ వకీలు కొడుకు. ఆ తీర్మానాన్ని పడగొట్టడం హనోకు పని.

అదెంతసేపు అనుకున్నాడు హనోకు. సోవియట్ యూనియన్‌తో సహా ఐదు పెద్ద దేశాల సమ్మతి లేనిదే తీర్మానం చెల్లదని సమితి నిబంధనల పత్రం చార్టరులో ఉంది. ఆ మాట అతనికి అందరికన్నా ముందు అర్థమైంది. వాళ్ల రుద్రూరులో కాలువ నీళ్ల వంతులు తేల్చే పెద్దమనుషులూ ఐదుగురే. వాళ్లలో అతని తండ్రి దేవదాస్ ఒకడు. ఏ ఒక్కరు తువ్వాలు దులిపి లేచినా పంచాయితీ అక్కడికక్కడే ఆగిపోతుంది. ఎవరో వెంటపడి, బతిమాలి, తీసుకొచ్చి కూర్చోబెట్టాలి. పిలవకుండా తిరిగొచ్చినవాడి మాటకు ఇక విలువ ఉండదు.

వరండాలో లింగవ్వ కుండలు నింపుతోంది. కాలేజీ ఊడ్చి, నీళ్లు పట్టే మనిషి.

"ఏం సారూ, గప్పుడే అయిపోయిందా?"

"ఆపి వచ్చిన అవ్వా. ఇగ పిలువనీకి వస్తరు."

"ఎవలొస్తరు?"

"బాపురావే రావాలె."

"గా వకీలు కొడుకా? మంచినీళ్లు కావాలన్నా కుర్సీలకెల్లి లేవడు. నిన్ను పిలువనీకి లేస్తడా?"

హనోకు నవ్వి గ్లాసెడు నీళ్లు తాగాడు. ఐదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. తలుపు తెరుచుకోలేదు. లోపల బాపురావు గొంతు సాఫీగా సాగుతూనే ఉంది. ఆగిపోయిన పంచాయితీలో ఎవరూ అంత నిదానంగా మాట్లాడరు.

లింగవ్వ కిటికీకి కట్టిన తడిక జరిపి తొంగి చూసింది.

"ఆపిన్నంటివి గద సారూ. ఆల్లు సేతులు లేపబట్టిరి."

హనోకు తలుపు దాకా వెళ్లి ఆగాడు. పిలుపు లేకుండా లోపలికి పోవడమంటే పదిమందిలో తల దించుకోవడమే. రుద్రూరులో అయితే పోయేవాడు కాదు. కానీ సీటు ఉన్నది రుద్రూరులో కాదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు.

"నేను ఒప్పుకుంటలేను సార్. వీటో."

ఆత్మారాం కాగితం మీద నుంచి తలెత్తాడు. "అయిపోయింది హనోకు. పద్నాలుగు చేతులు లేచినయ్. తీర్మానం పాసైంది."

"ఐదుగురి సమ్మతి ఉండాలె గద సార్. నేనే లేను. నా సమ్మతి యాడున్నది?"

"చార్టరు మంచిగనే చదివినవు. ఆనవాయితీ చదవలేదు. వద్దన్నోడు కూసొని వద్దనాలె. లేచిపోయినోడు లెక్కల లేడు. పందొమ్మిదొందల యాభైల నీ సోవియట్ యూనియనే గిట్ల కుర్చీ ఖాళీ పెట్టింది. కొరియా తీర్మానం పాసైపోయింది."

హనోకు వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత అడిగాడు.

"మరి ఎవలు పిలిస్తే తిరిగొచ్చిండ్రు సార్?"

హాలంతా నవ్వింది. ఆత్మారాం నవ్వలేదు.

"ఎవరూ పిలువలేదు. వాళ్లంతల వాళ్లే వచ్చిండ్రు. ఆరు నెలలు పట్టింది. నీకు పావుగంట పట్టింది. అయినా సీటు బాపురావుదే."

బాపురావు కుర్చీ వెనక్కి వాల్చాడు. "మేం పిలుస్తమని కూసున్నవా హనోకన్నా?"

"ఔ."

"పిలిస్తే నేను ఓడిపోదును గదనే."

అందులో హనోకుకి తప్పేమీ కనిపించలేదు. సభ కాగితం బల్ల చుట్టూ తిరిగి అతని ముందుకొచ్చింది. సోవియట్ యూనియన్ ఎదురుగా 'గైర్హాజరు' అని రాసి ఉంది. దాని పక్కన సంతకం పెట్టాలి.

"వచ్చే ఏడు దరఖాస్తు ఎప్పుడు పెట్టుకోవాలె సార్?"

"మార్చిల. కానీ గీ మూడు వారాలు మల్ల మొదటికెల్లి చదవాలె."

హనోకు బాపురావు దగ్గర కలం అడిగి తీసుకుని సంతకం పెట్టాడు.