డార్లా బిగించిన దీపం

నా కుడికంట్లో పొర మొదలైందని నాకు రెండేళ్ల కిందటే తెలుసు. మా ఆవిడ ఆర్డిస్‌కూ తెలుసు. నేను కాఫీని కప్పులో కాక పక్కన పోసినప్పుడల్లా ఆమె గుడ్డ తెచ్చి తుడిచేది. బిల్లింగ్స్ పట్నంలోని కంటి డాక్టరు ఫోన్ నంబరు రాసిన చీటీ ఒకటి ఫ్రిజ్ తలుపు మీద అతికించి పెట్టింది. నేను దాన్ని చూడనట్టే పాలు తీసుకునేవాణ్ణి.

నేను వెర్లిన్. ధాన్యం గోదాముల్లో మెకానిక్‌గా ముప్పై ఏళ్లు చేసి దిగిపోయాను. తూటాలు సొంతంగా తయారు చేసుకోవడంలో మా తుపాకి క్లబ్బులో నన్ను మించినవాడు లేడని పేరు. ఆ పేరు కోసమే నేను డాక్టరు దగ్గరికి పోలేదు. చూపు తగ్గిందని తెలిస్తే నా చేతి తూటా ఎవరు తీసుకుంటారు?

మా ఇంటి నేలమాళిగలో బల్లకు బిగించిన ప్రెస్సు ఉంది. కాల్చేసిన ఇత్తడి తొడుగులు ఏరి తెచ్చి, మళ్లీ తుపాకి మందు పోసి, గుండు కూర్చే యంత్రం అది. మీట ఒకసారి లాగితే పళ్లెం ఒక గడి తిరుగుతుంది. ఒక గడిలో తొడుగులోకి మందు పడుతుంది. తర్వాతి గడిలో మనిషి వంగి, మందు పడిందో లేదో కళ్లారా చూసి, అప్పుడు పైన గుండు పెట్టాలి. ఆ వంగి చూడడం నేను మానేసి ఏడాదైంది. చూసినా నాకు కనబడేది నల్లటి గుంట ఒక్కటే. ప్రెస్సు చట్రం నీడ కూడా సరిగ్గా అక్కడే పడుతుంది. మీట లాగినప్పుడు చేతికి తగిలే బరువును బట్టి మందు పడిందని నాకు తెలిసిపోతుందని నన్ను నేను నమ్మించుకున్నాను.

ఆ శీతాకాలమే డార్లా నా దగ్గర పని నేర్చుకుంది. స్కూలు బస్సు నడుపుతుంది. నలభై అయిదేళ్లుంటాయి. క్లబ్బులో చేరి ఏడాది కూడా కాలేదు. శ్రద్ధ గల మనిషి. ప్రతి తొడుగునూ టార్చిలైటు వేసి చూసేది. అలా చేస్తే తెల్లారిపోతుందని నేను వెక్కిరించేవాణ్ణి. తన కారు బాగు చేసి పెట్టినందుకు నా స్నేహితుడు ఓరిన్‌కు ఇస్తానని, నా ప్రెస్సు మీదే ఒక పెట్టె తూటాలు చేసింది. ఆ వారమే నేనూ ఓరిన్‌కు ఒక పెట్టె చేసి ఇచ్చాను. రెండూ ఒకే రకం నీలం ప్లాస్టిక్ పెట్టెలు. తేడా ఒక్కటే. నా పెట్టె మీద ఎప్పటిలాగే తేదీ, పేరు రాసిన తెల్ల కాగితం అతికించాను.

ఏప్రిల్‌లో రెండో శనివారం పోటీ. గాలి చల్లగా ఉంది, నేలంతా బురద. ఓరిన్ పశువుల సంతలో వేలం పాట నడిపిన మనిషి, నోరు ఊరుకోదు. తన వంతు వచ్చేసరికి, మా అందరి బూట్లకూ వేలం పాడుతూ వెళ్లి గీత మీద నిలబడ్డాడు. డార్లా చేతిలో టైమరు ఉంది. మూడు తూటాలు బాగానే పేలాయి. నాలుగోది పేలలేదు, సీసా బిరడా ఊడినట్టు చిన్న చప్పుడు చేసింది. ఓరిన్ వేలు అయిదోదాని మీద అప్పుడే బిగుసుకుంటోంది.

"ఆపండి!" అంది డార్లా.

ఆమె అంత పెద్దగా అరవడం మేమెవరమూ వినలేదు. ఓరిన్ ఆగాడు. రివాల్వరు తెరిచి గొట్టంలో సన్నటి చువ్వ దూర్చి చూస్తే మధ్యలో గుండు ఇరుక్కుపోయి ఉంది. ఆ తూటాలో మందు లేదు, అడుగునుండే నిప్పు బిళ్ల ఒక్కటే పేలి గుండును అంతవరకు నెట్టింది. దాని వెనక ఇంకొకటి పేల్చి ఉంటే గొట్టం చీలి ఓరిన్ చెయ్యి పోయేది. ఓరిన్ ట్రక్కు అంచు మీద కూర్చుని తన వేళ్ల వంక చూసుకున్నాడు. జోకు వెయ్యలేదు.

తూటాలు ఎవరివని ఎవరో అడిగారు. వెర్లిన్‌వో డార్లావో, ఇద్దరి పెట్టెలూ ఇంట్లో ఉన్నాయి, తెల్లవారుజామున చేతికందింది తెచ్చానన్నాడు ఓరిన్. నేను చూస్తానని అతని సంచి దగ్గరికి నడిచాను. అందరికీ నా వీపు కనబడుతోంది. పెట్టె మీద నా కాగితం ఉంది. నా రాతే. గోటితో పీకితే చటుక్కున ఊడొచ్చింది. దాన్ని కోటు జేబులో కుక్కుకుని వెనక్కి తిరిగాను.

"పేరేమీ లేదు" అన్నాను.

డార్లా ముఖం పాలిపోయింది. పేరు రాయనిది తనే. "అయితే నాదే" అంది.

ఆ తర్వాత నేను చేసింది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. ఆమె దగ్గరికి వెళ్లి భుజం తట్టాను. "కొత్తలో అందరికీ జరుగుతుందమ్మా" అన్నాను.

ఆమె టైమరు బల్ల మీద పెట్టేసి ఇంటికి వెళ్లిపోయింది. తర్వాత రెండు వారాలూ గురువారం సాధనకు రాలేదు. క్లబ్బులో ఎవరూ ఆమెను తిట్టలేదు. పాపం అన్నారు, అనుభవం లేదన్నారు, పెద్దాయన చెప్పినా వినిపించుకోలేదేమో అన్నారు. పెద్దాయన అంటే నేను. తల ఊపుతూ విన్నాను.

మూడో వారం బుధవారం మధ్యాహ్నం డార్లా మా తలుపు తట్టింది. చేతిలో బూట్ల డబ్బా. ఏమీ అనుకోకపోతే ప్రెస్సుకు ఒకటి బిగిస్తానంది. తన కారు డిక్కీలో వేసుకోగా మిగిలిన ఎల్ఈడీ పట్టీని కొలత ప్రకారం కత్తిరించి, తీగలు తనే అతికించి తెచ్చింది. పాత ఇంటర్నెట్ డబ్బా తాలూకు చార్జరు దానికి కరెంటు. ప్రెస్సు చట్రం లోపలి అంచును స్పిరిటుతో తుడిచి పట్టీ అతికించింది. తీగ మీటకు తగలకుండా వెనక నుంచి తెచ్చి ప్లాస్టిక్ కట్లతో బిగించింది. మందు చూసుకునే గడి మీదికి, ఎటు వంచితే అటు వంగే గట్టి తీగ చివర ఇంకో చిన్న దీపం పెట్టింది. అదెక్కడ ఉండాలో పళ్లెం తిప్పి తిప్పి, నాలుగుసార్లు మార్చి చూసుకుంది. నేను స్టూలు మీద కూర్చుని ఆమె చేతులు చూస్తున్నాను. గోళ్ల చుట్టూ చర్మం కొరుక్కున్న గుర్తులున్నాయి.

దీపం స్విచ్చి నొక్కింది. చట్రం నీడ పోయింది.

"చూడండి వెర్లిన్ గారూ. ఆ రోజు ఇది ఉండుంటే నాకు కనబడేది. నేను చేసిన తప్పు ఈ ప్రెస్సు మీద ఇంకెవరూ చెయ్యకూడదు."

వంగి చూశాను. ఏడాది తర్వాత మొదటిసారి తొడుగు అడుగు కనబడింది. పళ్లెం మీద, గడుల అంచుల్లో, నేను శుభ్రంగా ఉన్నాయనుకున్న ప్రతిచోటా మందు పలుకులు చెదిరి ఉన్నాయి. అవి ఆమెకూ కనబడే ఉంటాయి. నేను అప్పుడైనా చెప్పాల్సింది. కాఫీ తాగుతావా అన్నాను. ఆర్డిస్ రూబార్బ్ కాడలతో చేసిన తీపి 'పై' ఒక ముక్క పెట్టాను. సగం తిని, నాకు థాంక్స్ చెప్పి వెళ్లింది. తను నాకు థాంక్స్ చెప్పి వెళ్లింది.

ఆ సాయంత్రం, ఓరిన్ పెట్టెతో పాటు అదే విడతలో చేసి నాకోసం ఉంచుకున్న యాభై తూటాలను ఆ దీపం కింద ఒక్కొక్కటే విప్పాను. ముప్పై ఏడోదానిలో మందు లేదు. దాన్ని బల్ల మీద పెట్టాను. ఆర్డిస్ మెట్ల దాకా వచ్చి, దీపం వంక, నా వంక చూసింది. ఆమెకు అంతా చెప్పాను. విని, "అయితే ఇక్కడేం చేస్తున్నావ్?" అని మాత్రం అడిగింది.

మర్నాడు పొద్దున బస్సుల షెడ్డుకు వెళ్లాను. డార్లా పిల్లల్ని దింపేసి వచ్చి బస్సు ఊడుస్తోంది. నేను ముందు మెట్టెక్కి నిలబడ్డాను.

"డార్లా, ఆ తూటా నువ్వు చేసింది కాదు. నేను చేసింది."

చీపురు ఆగలేదు. "నన్ను ఓదార్చడానికి చెప్పకండి."

జేబులోంచి కాగితం తీసి సీటు మీద పెట్టాను. "ఇది ఆ పెట్టె మీద ఉన్నది. నేనే పీకేశాను. నువ్వు అక్కడ నిలబడి ఉండగానే."

ఆమె వచ్చి చూసింది. నా పేరు చదివింది, తేదీ చదివింది. "మీరు నా భుజం తట్టారు" అంది నెమ్మదిగా.

"అవును."

"మూడు వారాలుగా నాకు తిండి సయించడం లేదు. పిల్లలు బస్సెక్కుతుంటే వీళ్లను నా చేతుల్లో పెట్టొచ్చా అనిపించేది. తాళాలు తిరిగి ఇచ్చేద్దామని ఆఫీసు దాకా వెళ్లి వచ్చాను, తెలుసా మీకు?"

నాకు కుడికన్ను సరిగ్గా కనబడడం లేదని చెప్పాను. అది చెప్పగానే నాకే అర్థమైంది, అది కారణమే గానీ జవాబు కాదని.

"ఆ దీపం విప్పి తెచ్చిమ్మంటావా?" అని అడిగాను. ఏదో ఒకటి అడగాలని అడిగాను.

"వద్దు. అది మీ మీద గౌరవంతో చేశాను. ఆ గౌరవం ఇప్పుడు లేదు. దీపం ఉండనివ్వండి, పనికొస్తుంది." చీపురు మూల పెట్టింది. "ఇంక దిగండి. నేను బస్సు కడుక్కోవాలి."

అక్కణ్ణించి ఓరిన్ దగ్గరికి పోయాను. గొడ్ల కొట్టం ముందు కంచె బిగిస్తున్నాడు. నేను చెబుతుంటే సుత్తి దించకుండా విన్నాడు.

"నాకు తెలుసురా" అన్నాడు.

పోటీ రోజు సాయంత్రమే ఇంటికెళ్లి రెండో పెట్టె తెరిచాడట. మూత లోపల డార్లా పెన్సిలుతో, కారు బాగు చేసినందుకు థాంక్స్ అని రాసి పెట్టిందట; ఆ రోజు కంగారులో అది ఆమెకే తట్టినట్టు లేదు. అంటే పోటీకి తెచ్చింది నా పెట్టె అని అప్పుడే తేలిపోయింది.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"రేపు వాడే చెప్తాడు, ఎల్లుండి చెప్తాడు అనుకుంటూ కూర్చున్నా. నువ్వు కాగితం దాచావు, నేను మూత దాచాను. నా చెయ్యి కాపాడిన మనిషి ఏడుస్తుంటే మనమిద్దరం గురువారాలు పెద్దమనుషుల్లా బీరు తాగాం." సుత్తి కింద పడేశాడు. "ఆమె ముఖం నేనెలా చూడాలో నువ్వు చెప్పు."

ఓరిన్ ఆ మధ్యాహ్నమే ఆమె దగ్గరికి వెళ్లాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. కానీ ఆ రాత్రి ఆమె నాకు ఫోన్ చేసింది. పోటీ మొదలయ్యే ముందు జాగ్రత్తల గురించి మాట్లాడే అయిదు నిమిషాలు ఉంటాయి కదా, వచ్చే నెల అది మీరు మాట్లాడండి, జరిగింది జరిగినట్టు చెప్పండి, అంది. సరేనన్నాను.

మే నెల పోటీకి ఇరవై ఇద్దరు వచ్చారు. ముప్పై ఏళ్లుగా నా తూటాలు పేల్చినవాళ్లు వాళ్లలో పదిమంది. వాళ్ల ముందు నిలబడి, కంటి పొర గురించి, చూడకుండా గుండు పెట్టడం గురించి, కాగితం గురించి, భుజం తట్టడం గురించి చెప్పాను. కాగితం దగ్గర చెప్పిన మాటే రెండుసార్లు చెప్పాను. ఎవరూ సాయం రాలేదు, రావాలని నేనూ అనుకోలేదు. నేను ముగించాక ఒకతను లేచి తన ట్రక్కు దగ్గరికి వెళ్లాడు. నేనిచ్చిన రెండు పెట్టెలు తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టాడు. అతని వెనక ఇంకో ఇద్దరు. డార్లా టైమరు చేతిలోకి తీసుకుని మొదటి పేరు పిలిచింది.

జూలైలో కన్ను ఆపరేషను అయింది. ఇప్పుడు నాకోసం తప్ప ఎవరికీ తూటాలు చెయ్యను. డార్లా సొంతంగా ప్రెస్సు కొనుక్కుంది. ఓరిన్ వెళ్లి బల్ల చేసిపెట్టాడు. మా నేలమాళిగకు ఆమె మళ్లీ రాలేదు.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది. పళ్లెం తిరగడం మూడో గడి దగ్గర పట్టేస్తోందట. ఏ మర విప్పాలో, ఎంత నూనె వెయ్యాలో చెప్పాను. విని, రాసుకుంది. నా కన్ను ఎలా ఉందని అడగలేదు. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పి, ఆమె ఫోన్ పెట్టేసేదాకా ఆగాను.