కనుమలో పుట్టిన చేప

మా ఆయన ధనుంజయకు తెలియనిదంటూ లేదు. ఒకరిని అడగడమంటేనే ఆయనకు నామోషీ. అందుకే సముద్రానికి ఇంత దూరంలో, నిమ్మనపల్లె పక్కన మా అత్త రెడ్డెమ్మ టమాటా చేలో, కణవాయి చేపలు పెంచడం మొదలుపెట్టాడు.

కుప్పం సంతలో తమిళం మాట్లాడే చేపలామె ఒకదాన్ని చేతిలో పెట్టి "ఇది కణవాయి" అందట. కుప్పం వైపు తిరిగేవాళ్లకు ఆ మాట తెలిసిందే. తమిళంలో కణవాయి అంటే రెండు కొండల మధ్య దారి, మన కనుమ. ఇంకేముంది, మా ఆయన బుర్ర వెలిగింది. కనుమలో దొరికే చేప కాబట్టి ఊటనీళ్లలో పెరుగుతుందని తేల్చేశాడు. దానికి పది కాళ్లెందుకో, కడుపులో సిరా ఎందుకో ఆలోచించలేదు. కాళ్లు కొండెక్కడానికి అనుకున్నాడేమో.

మదనపల్లె నుంచి మద్రాసుకు టమాటాలు తోలే లారీ డ్రైవరు చేత గుడ్లు తెప్పించాడు. నల్లద్రాక్ష గుత్తుల్లా ఉన్నాయి. డబ్బాలో నీళ్లు కంపు కొడుతున్నాయని పారబోసి, గుడ్లను శుభ్రంగా కడిగి మరీ, కర్రలకు కట్టి మా సేద్యపు కుంటలో దించాడు. పుట్టే చేపపిల్లలు కుంట మోటారులోకి పోతాయని స్టార్టరు పెట్టెకు బీగం వేసి, బీగంచెవి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

చేను పూత మీద ఉంది. బోరు ఎండిపోయాక ఆ కుంట తప్ప వేరే నీళ్లు లేవు. ఆ పంట పోతే అత్తకు ఈ ఏడు ఇంకేమీ లేదు. ఆకులు ముడుచుకుపోతుంటే రోజూ గట్టు మీద నిలబడి చూసేది. కొడుకు మీద ఆమెకు అంత నమ్మకం ఎలా మిగిలిందో నాకు అర్థం కాదు. నాకైతే పెళ్లయిన కొత్తలోనే పోయింది.

"నీళ్లు ఇడువు నాయనా, పూత రాలిపోతాండాది," అంది ఒకనాడు.

"ఇంకొన్ని దినాలు తాళు అమా. పిల్లలు వచ్చినాక ఈ టమాటాలు యాల మనకు?" అన్నాడు.

నా చెల్లెలు సుష్మ సముద్రం ఒడ్డున చేపల పరిశోధన కేంద్రంలో పనిచేస్తుంది. ఆమెను అడగమంటే "దానికేం తెలుసు, నిన్నటి పిల్ల" అని కొట్టిపారేసేవాడు. నాకు ఒళ్లు మండి, ఆ గట్టు మీదే ఆమెకు ఫోను చేసి అందరికీ వినబడేలా పెట్టాను.

"కణవాయి కనుమలో పుట్టేది కాదు బావా, దాని పేరే అంత," అంది సుష్మ. "ఉప్పునీళ్లలో తప్ప యాడా బతకదు. తల్లి గుడ్లు పెట్టేదానికి ఒడ్డు దగ్గరికి వచ్చి, నాచుకో పుల్లకో గుత్తులుగా అంటిస్తాది. మంచినీళ్లలో ఏసుంటే అవి ఆ పొద్దే సచ్చిపోయుంటాయి."

మా ఆయన ఊరుకుంటేనా. "తల్లి దగ్గర లేదు గదా, పొదగలేదు, అందుకే ఆలస్యం," అన్నాడు. గుడ్డు అనగానే కోడి తప్ప ఇంకేదీ గుర్తుకు రాదు ఆ మనిషికి.

"తల్లి యాడుంటాది బావా? గుడ్లు పెట్టినాక సచ్చిపోతాది. పిల్లలు వాటంతట అవే బయటికొచ్చి, పుట్టిన దినం నుంచే ఏటాడుకుంటాయి. పెద్దయి గుడ్లు పెట్టినాక వాటి కథా అంతే."

అత్త వంగి ఒక కర్ర పైకి లాగింది. గుత్తి చేతిలో చితికి కుళ్లు కంపు కొట్టింది. దాన్ని గట్టు మీద పడేసి, చెయ్యి చీరకు తుడుచుకుని, నేరుగా కొడుకు దగ్గరికి వెళ్లి జేబులోంచి బీగంచెవి తీసుకుంది.

"ఏమ్మా సుష్మా, గుడ్లు పెట్టినాక ఆ తల్లి సచ్చిపోతాదా?" అంది ఫోను వైపు తిరిగి.

"అవునత్తా."

"పున్నెం చేసుకునుంటాది. బిడ్డ పెద్దోడై ఏం ఎలగబెడతాడో సూసే పని లేదు."

స్టార్టరు పెట్టె తెరిచి మోటారు వేసింది.