నాలుగో బిరడా

ఆ ఉదయం ఆకాశం బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా ఉంది. మబ్బు ఎటూ కదలడం లేదు. రాత్రి రాలిన మంచు నేల మీద నిలవలేదు గానీ, గడ్డి కొసల మీద మాత్రం ఉప్పు చల్లినట్టు మెరుస్తోంది. అడవి బాతుల వరుసొకటి దక్షిణానికి పోతుంటే పాపయ్య తలెత్తి వాటి రెక్కల విసురు చూశాడు. తొందరలో ఉన్నాయి. అంటే ఇంకో రెండు మూడు రోజుల్లో గట్టి చలి దిగుతుంది. ఈ చలిదేశంలోని నోవై ఊరికి వచ్చి తొమ్మిదేళ్ళయినా అతను ఫోన్లో వాతావరణం చూడడు.

పడవను నిన్ననే చెరువులోంచి ట్రెయిలర్ మీదికి లాగి ఇంటి ముందుకు తెచ్చారు. ఇవాళ దానికి చలికాలపు పనులన్నీ చేసి, గుడ్డ కప్పి, గ్యారేజీ పక్కన నిలబెట్టాలి. ఏటా అక్టోబరు చివర చేసే పనే.

ఆరేళ్ళ కిందట ఒక రైతు కొట్టం వెనక ముళ్ళకంపల్లో పడి ఉంది ఆ పడవ. ఎవరికైనా కావాలంటే పట్టుకుపొమ్మన్నాడు రైతు. గోదావరి పాయ ఒడ్డున పడవల మధ్య పుట్టి పెరిగిన పాపయ్యకు దాన్ని వదిలి రాబుద్ధి కాలేదు. రెండు చలికాలాలు గ్యారేజీలో దాని ముందే కూర్చున్నాడు. పగుళ్ళు పూడ్చాడు. ఇంజను విప్పి మళ్ళీ బిగించాడు. అది నీళ్ళలో తేలిన రోజున బావమరిది దివాకర్, "నీ చేత్తో బతికించావు బావా, నీ పేరు మీదే ఉండాలి" అని వెళ్ళి రిజిస్ట్రేషన్ చేయించుకొచ్చాడు. అక్కాబావల్ని ఈ దేశానికి రప్పించింది దివాకరే. ఉంటున్న ఇల్లు అతనిది, తిరిగే కారు అతనిది. పాపయ్య పేరు మీద ఉన్నది ఆ పడవ ఒక్కటే. వారమంతా కిరాణా కొట్లో చేపలు కోసేవాడు, ఆదివారం వస్తే నీళ్ళ మీదే ఉండేవాడు.

పెట్రోలు చెడకుండా ట్యాంకులో మందు పోశాడు. పాత నూనె దింపి కొత్తది పట్టించాడు. దివాకర్ కాఫీ కప్పు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు.

"టైర్లు ఎప్పుడు మార్చావు?" అని అడిగాడు పాపయ్య. ట్రెయిలర్‌కి రెండూ కొత్తవే. వెనక దీపాలు కూడా వెలుగుతున్నాయి.

"పాతవి క్రాక్ అయ్యాయి కదా బావా."

గ్యారేజీ పక్కకి పది అడుగులు పోవడానికి కొత్త టైర్లెందుకని పాపయ్యకు తోచింది గానీ అడగలేదు. బ్యాటరీ విప్పబోతే దివాకర్ అడ్డొచ్చి, ఈసారికి ఉండనీ అన్నాడు. ఏటా దాన్ని బేస్‌మెంట్‌లో వెచ్చగా పెట్టుకునేది తను. అదీ అడగలేదు.

"పడవకి చేసే సేవలో సగం మా అక్కకి చేసుంటే ఈపాటికి నీకు గుడి కట్టేది బావా."

"మీ అక్క చలికి పగిలే రకం కాదుగా."

దివాకర్ నవ్వాడు. అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువే నవ్వాడు. అంతలో ఫోన్ మోగితే లోపలికి వెళ్ళాడు.

ఇక మిగిలింది ఇంజనులోని నీళ్ళు తీయడం. అసలు పని అదే. ఇంజను కడుపులో చెంబెడు నీళ్ళు మిగిలినా చాలు, అది గడ్డకట్టి ఉబ్బి ఇనుమును చీలుస్తుంది. అడుగున నాలుగు ఇత్తడి బిరడాలున్నాయి. మూడు విప్పితే నీళ్ళు బొటబొటా కారిపోయాయి. నాలుగోది విప్పినా చుక్క రాదు. ఎవరైనా ఖాళీ అయిందనే అనుకుంటారు. లోపల తుప్పూ మట్టీ కలిసి ముద్దకట్టి నీళ్ళను పట్టి ఉంచుతాయి. తీగ పెట్టి పొడిస్తే తప్ప వదలవు. ఆ సంగతి పాపయ్య ఒక్కడికే తెలుసు. తీగ కోసం పనిముట్ల పెట్టె వెతుకుతుంటే ఇంటి ముందు ఒక ట్రక్కు ఆగింది.

దిగినాయన డెబ్బై ఏళ్ళ తెల్లవాడు. పేరు వాల్టర్ అని చెప్పి చేయి కలిపాడు. పన్నెండింటికి రమ్మన్నారనీ, ఆగలేక ముందే వచ్చేశాననీ, ఆగస్టు నుంచీ ఈ రోజు కోసమే ఎదురు చూస్తున్నాననీ అన్నాడు. పాపయ్యకు ఇంగ్లీషు సరిగ్గా మాట్లాడడం రాదు గానీ నిదానంగా చెబితే అర్థమవుతుంది. ఇది మాత్రం అర్థం కాలేదు. ఆయన జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని కాగితం విప్పి, అడుగున ఉన్న సంతకం మీద వేలు పెట్టాడు. ఇంత అందమైన రాత తానెప్పుడూ చూడలేదట. దీన్నెలా చదవాలని అడిగాడు.

పాపయ్య చూశాడు. అది తన పేరే. ఊరి బడిలో ఐదో తరగతిలో నేర్చుకున్న తెలుగు రాత. 'య్య' కింద తను ఎప్పుడూ లాగే తోక కూడా ఉంది.

ఆగస్టులో ఒక సాయంత్రం దివాకర్ ఆరేడు కాగితాలు తెచ్చాడు. హెల్త్ ఇన్సూరెన్స్ రెన్యువల్ బావా అన్నాడు. వేలు పెట్టి చూపించిన చోటల్లా పాపయ్య సంతకం చేశాడు. తొమ్మిదేళ్ళుగా అలాగే చేస్తున్నాడు. ఇదేం కాగితమని బావమరిదిని అడిగితే, నిన్ను నమ్మలేదని మొహం మీద చెప్పినట్టు. తమ ఊరి వైపు ఎవరూ అలా అడగరు.

వాల్టర్ ఇంకా చెబుతూనే ఉన్నాడు. పడవ చూడడానికి వచ్చిన రోజు మీ ఆవిడ అల్లం వేసిన టీ ఇచ్చింది, ఎలా చేస్తారో అడిగి రమ్మని మా ఆవిడ ఒకటే పోరు అన్నాడు.

పాపయ్య చేతిలోని గుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ తుడిచాడు.

దివాకర్ బయటికొచ్చాడు. ట్రక్కును చూసి మెట్టు మీదే ఆగిపోయాడు. వాల్టర్‌ని కాసేపు ట్రక్కు దగ్గర ఉండమని చెప్పి దగ్గరికొచ్చాడు.

"బావా, చెబుదామనే అనుకున్నా."

దివాకర్ గబగబా చెప్పుకొచ్చాడు. కాలనీ అసోసియేషన్ వాళ్ళు ఇంటి పక్కన పడవ ఉండకూడదని రెండేళ్ళుగా నోటీసులు పంపుతున్నారు. జూలైలో తనే ఆ కమిటీలో మెంబరయ్యాడు. ముందు నీ ఇల్లు చూసుకోమని మీటింగులో అందరి ముందూ అన్నారు. ఎక్కడైనా అద్దె చోట పెడదామా అంటే బావ ఒప్పుకోడని తెలుసు. అందుకే ఆగస్టు కాగితాల్లో పడవ అమ్మకం కాగితం కూడా కలిపాడు. వాల్టర్ మంచివాడు, పడవని బాగా చూసుకుంటాడు.

"సీజన్ అయ్యేదాకా నీ దగ్గరే ఉండాలని కండిషన్ పెట్టింది నేనే బావా. ఈ సమ్మర్ నువ్వు హ్యాపీగా ఉండాలని."

"మీ అక్కకి తెలుసు."

దివాకర్ ట్రెయిలర్ టైరు వైపు చూస్తూ, "చివరిదాకా చెప్పొద్దంది అక్కే" అన్నాడు.

నీళ్ళంటే భయపడే భార్య నాగమల్లేశ్వరి ఈ వేసవిలో రెండుసార్లు పడవెక్కింది. పెరుగన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఒక చేత్తో అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఇన్నేళ్ళకు కదా దీనికి నీళ్ళ మీద మనసైంది అని పాపయ్య లోలోపల మురిసిపోయాడు. ఆ రెండు ఆదివారాలూ ఇప్పుడు కళ్ళ ముందుకొచ్చాయి. ఆమె మధ్యమధ్య తన మొహంలోకి అదోలా చూడడం అప్పుడే గమనించాడు. ఎందుకో మాత్రం ఇప్పుడు తెలిసింది.

"బావా, పనైపోయినట్టేనా?" దివాకర్ గొంతు తగ్గించాడు. "ఆయన ట్రెయిలర్ హిచ్ ట్రక్కుకి తగిలించుకుంటానంటున్నాడు."

అయిపోయిందంటే చాలు. నాలుగో బిరడా ఊడదీసే ఉంది. ఒక్క చుక్క కారడం లేదు. వాల్టర్‌కి తెలియదు, దివాకర్‌కి అసలే తెలియదు. జనవరిలో ఏదో ఒక రోజు ఎవరి పెరట్లోనో ఇనుము టప్పుమని విచ్చుకుంటుంది. ఏప్రిల్లో నీళ్ళలోకి దించేదాకా ఎవరూ చూడరు. పాపయ్య ఇదంతా ఉన్నచోటే నిలబడి ఆలోచించాడు. ఎంతసేపు నిలబడ్డాడంటే, దివాకర్ మళ్ళీ "బావా" అన్నాడు.

తీగ పెట్టెలో పైనే ఉంది. అది తీసుకుని పడవలోకెక్కి, ఇంజను పక్కన బోర్లా పడుకుని చేయి కిందికి పోనిచ్చాడు. పొడిచాడు. రెండోసారి పొడిచేసరికి తుప్పు రంగు నీళ్ళు బుడుక్కుమని తన్నుకొచ్చి మోచేతి దాకా తడిపాయి. ఒళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉన్నాయి. ధార సన్నబడి చుక్కలై, చుక్కలు ఆగేదాకా అక్కడే ఉన్నాడు. తర్వాత నాలుగు బిరడాలూ బిగించి, చలికి గడ్డకట్టని గులాబీ రంగు మందు ఎక్కించాడు.

అప్పుడు వాల్టర్‌ని చేత్తో పిలిచాడు. ఆయన వేలు పట్టుకుని నాలుగో బిరడా మీద ఆనించాడు. తీగ చూపించాడు. తనకొచ్చిన ఇంగ్లీషులో, "ఎవ్రీ ఇయర్. దిస్ వన్ లైయర్. సేస్ నో వాటర్" అన్నాడు. ఏటా ఇది నీళ్ళు లేవని అబద్ధం చెబుతుందని. వాల్టర్ పగలబడి నవ్వాడు. దివాకర్ నవ్వలేదు. తీగను మడిచి ముసలాయన చేతిలో పెట్టాడు పాపయ్య.

ముగ్గురూ కలిసి గుడ్డ కప్పి తాళ్ళు బిగించారు. ట్రక్కు వీధి మలుపు తిరిగేదాకా దివాకర్ అక్కడే నిలబడ్డాడు. పాపయ్య మాత్రం పనిముట్లు సర్దుతూ అటు చూడలేదు.

"దివాకరం."

"చెప్పు బావా."

"ఇకమీదట నా దగ్గరికి కాగితం తెస్తే, ముందు చదివి వినిపించు."

దివాకర్ తలూపాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. చలికి మాత్రం కాదు.

లోపల రష్మి నలుగురికీ కంచాలు పెట్టింది. ఆమె దివాకర్ భార్య. ఏం జరిగిందో కిటికీలోంచి చూసినట్టుంది, అన్నయ్య గారూ అని పిలవబోయి ఆగిపోయింది. పాపయ్య చేతులు కడుక్కుని వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా దివాకర్ కూర్చున్నాడు. నాగమల్లేశ్వరి అన్నం గిన్నె పట్టుకుని మొగుడి పక్కకొచ్చింది. కళ్ళెత్తలేదు.

ఒక గరిటె వేసింది. రెండోది వేసింది. రోజూ రెండో గరిటెకి పాపయ్య కంచం మీద చేయి అడ్డం పెట్టి చాలంటాడు. ఇవాళ చేయి కదపలేదు, నోరు విప్పలేదు. ఆమె మూడోది వేసింది. నాలుగోది వేయబోతూ గరిటె గాల్లోనే ఆపి, అతను ఏదో ఒకటి అంటాడని చూసింది. అతను కంచంలోకే చూస్తున్నాడు. ఆమె వేసింది.

రష్మి పులుసు గిన్నె ముందుకు జరిపింది. పాపయ్య పోసుకుని, కుప్పగా ఉన్న అన్నాన్ని ఒక పక్క నుంచి కలపడం మొదలుపెట్టాడు. నాగమల్లేశ్వరి కూర్చుని తన కంచంలో పిడికెడు పెట్టుకుంది. దివాకర్ నీళ్ళు తాగాడు. నలుగురూ తిన్నారు. పాపయ్య తన ముందున్నదంతా మెతుకు మిగలకుండా తిన్నాడు. అందరికంటే ఆఖరున అయింది అతని భోజనం. అందాకా మిగతా ముగ్గురూ చేతులు ఎండిపోతున్నా లేవకుండా కూర్చున్నారు.