సైలస్ బావ కాఫీ కప్పు

నేను వాగులోంచి ఒక చేపను బయటికి లాగితే నీళ్లు మోకాలి లోతుకు దిగిపోయాయని మా దీవిలో అందరికీ తెలుసు. నమ్మరు, అది వేరే సంగతి. అబద్ధాల్లో నాకూ ఒక గురువున్నాడు. మా అలీథా అక్క మొగుడు, సైలస్ బావ. ఆయన చెప్పిన ఒక్క అబద్ధం పట్టుబడడానికి ఏకంగా ఒక పుస్తకమే కావలసి వచ్చింది.

బావ పోయినప్పుడు అక్క ఆయన సమాధి మీద ఆఖరిదాకా వాడిన మందు సీసా పెట్టింది, గడియారం పెట్టింది. ఆఖరిసారి కాఫీ తాగిన కప్పు మాత్రం పెట్టలేదు. అమెరికాలో మా కరోలినా తీరంలో ఆ కప్పు అడుగు పగలగొట్టి సమాధి మీద పెట్టకపోతే, పోయినవాళ్లు దాన్ని వెతుక్కుంటూ ఇంటికొస్తారు.

"రానీరా," అంది అక్క. "ఆ ఇంటి సంగతి ఇంకా అడగాల్సి ఉంది."

కప్పు పొయ్యి పక్క మేకుకు వేలాడుతూనే ఉంది. ఆయన రాలేదు. బతికున్నప్పుడు మాత్రం పిలవగానే వచ్చాడా ఏమన్నా!

వాళ్లు కొనాలనుకున్న ఆ ఇల్లు వంతెన అవతల ఉండేది. వాగు వైపు కిటికీలు, వెడల్పాటి వరండా. కొరియా యుద్ధం నుంచి వచ్చిన సైనికులకు ఇంటి అప్పుకి సర్కారు హామీ ఉంటుందని విని, బావ యూనిఫాం ఇస్త్రీ చేసుకుని పట్నం బ్యాంకుకి వెళ్లాడు. అక్క అప్పటికే వరండా పైకప్పుకు వేయడానికి నీలం రంగు డబ్బా కొనేసింది. ఆ రంగుంటే దయ్యాలు గడప తొక్కవు.

బావ సాయంత్రానికి తిరిగొచ్చి కూలబడ్డాడు.

"బ్యాంకాయన కుర్చీ వేసి కూర్చోబెట్టాడే! కాఫీ ఇచ్చాడు. సంతకమే తరువాయి. నేనే వద్దన్నాను. ఆ ఇంట్లో దయ్యముంది. రొయ్యలన్నం వండుకుంటూ నాకో ముద్దయినా పెట్టలేదు. అలాంటి దాంతో కాపురమేంటి?"

"నీలం రంగు వేద్దాం," అంది అక్క.

"లాభం లేదు. అది గుడ్డి దయ్యం. రంగు కనపడదు."

నేను పడీపడీ నవ్వాను. అక్క నవ్వలేదు. తుపాకులకు భయపడనివాడు దయ్యానికి భయపడ్డాడని ముసలితనం దాకా దెప్పింది. ఆయన టోపీ సర్దుకుని, "అవునే, పిరికోణ్ణే," అనేవాడు. వానొస్తే గిన్నెలు పెట్టుకునే ఆ అద్దె ఇంట్లోనే కాపురం గడిచిపోయింది.

మొన్న వసంతంలో, చర్చి వెనక హాల్లో వెర్డెల్ టీచరమ్మ ఒక పుస్తకం చదవడం మొదలుపెట్టింది. మా నల్లవాళ్లకు ఇళ్లూ అప్పులూ చదువులూ ఎలా అందకుండా పోయాయో అందులో ఉంది. మా దగ్గర ఒకరు చదివితే మిగతావాళ్లు ఊ కొట్టాలి. లేకపోతే చదివేవాళ్లు ముందుకు కదలరు.

"తెల్ల సైనికులకు అప్పులు దొరికాయి," చదివింది టీచరమ్మ. "నల్ల సైనికుల్లో చాలామంది యూనిఫాం వేసుకుని, బ్యాంకు మూసేదాకా కౌంటర్ ముందు నిలబడి, వట్టి చేతులతో తిరిగి వెళ్లారు."

"ఊ," అన్నాం అందరం. అక్క అనలేదు. టీచరమ్మ ఆగింది.

"నిలబడా?" అంది అక్క.

"నిలబడే, అలీథా."

అక్క నా వైపు తిరిగింది. "ఆ సాయంత్రం బావ కాళ్లు వాచిపోయాయిరా. నేనే ఉప్పునీళ్లతో కడిగాను. నడిచొచ్చానన్నాడు. కుర్చీ వేశాడన్నాడు చూడు, అక్కడే పట్టుకోవాల్సింది. ఆ రోజుల్లో పట్నంలో మనకి కుర్చీ వేసిందెవడు?"

"నా చేపకన్నా పెద్ద కోత," అన్నాను.

"నోర్ముయ్," అంది, ఏడుస్తూనే నవ్వుతూ. "నిజం చెప్పుంటే మర్నాడే వెళ్లి ఆ బ్యాంకాయన మీద పడేదాన్ని. అప్పుడు వాళ్లు నన్నేం చేసేవాళ్లో ఆయనకి తెలుసు. అందుకే దయ్యాన్ని పట్టుకొచ్చాడు."

ఆ పుస్తకంలో ఊళ్ల పేర్లున్నాయి, అంకెలున్నాయి. గుడ్డి దయ్యం లేదు. టీచరమ్మ పెన్సిల్ తీసి ఆ పేజీ అంచున 'సైలస్' అని రాసింది. "ఇప్పుడు చదువు," అంది అక్క. తర్వాతి ప్రతి వాక్యానికీ అందరికంటే గట్టిగా ఊ కొట్టింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఇద్దరం సమాధి దగ్గరికి వెళ్లాం. అక్క ఫ్లాస్కులోంచి కాఫీ ఆ కప్పులో పోసింది. చక్కెర ఆయనకిష్టమైనంత, అంటే పాకమంత, వేసి తెచ్చింది. ఒక గుక్క తాను తాగి, మిగతాది ఇసుకలో పోసింది.

"పిరికోడా," అంది మెల్లగా. "ఎన్ని తిట్లు తిన్నావయ్యా. ఒక్కసారైనా ఎదురు తిట్టొచ్చుగా." ఇసుక చదును చేస్తూ చాలాసేపు ఏదో చెప్పుకుంది. నేను సముద్రం వైపు తిరిగి నిలబడ్డాను.

తర్వాత కప్పు నా చేతికిచ్చింది. "నా వల్ల కాదు. నువ్వు కొట్టు."

రాయితో అడుగు మీద కొట్టాను. అక్క దాన్ని గడియారం పక్కన బోర్లించి, నా మోచెయ్యి పట్టుకుని లేచింది.

దారిలో అంది: "నీ కప్పు మాత్రం నువ్వు పోయిన గంటలోనే పగలగొడతాను. నువ్వు తిరిగొచ్చావంటే ఆ చేప ఇంకా పెరుగుతుంది."